నానో మందు అంటే ఏమిటి? – క్యాన్సర్ రోగులు, వారి బంధువులు తెలుసుకోవలసిన సంగతులు



కీమో వార్డులో పనిచేసే మా నర్సులను ఈ మధ్య చాలామంది బంధువులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరమ్మా, నానో మందు అని ఒకటి వచ్చిందట కదా. అది గడ్డ ఎక్కడుందో వెతుక్కుంటూ పోయి గడ్డను మాత్రమే చంపుతుందట. జుట్టు ఊడదట, వాంతులు ఉండవట. మా అమ్మకు అదే రాయించండి. ఎకరం అమ్మయినా సరే, కడతాం."

ఈ మాటలో ఉన్న ప్రేమను మేము తప్పు పట్టము. కానీ ఎకరం అమ్మే ముందు ఆ మందు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకోవడం అవసరం. కొందరు నానో మందు దొరకలేదని దిగులుతో మామూలు కీమో మధ్యలో మానేస్తున్నారు. మరికొందరు నానో మందు ఎక్కించుకుంటున్నాము గనుక ఇక ఏ బాధా రాదనుకుని, వచ్చిన బాధను మాకు చెప్పకుండా దాచుకుంటున్నారు. రెండూ ప్రమాదమే. అందుకే ఈ సంచికలో ఈ విషయం గురించి కొంచెం వివరంగా రాస్తున్నాము.

మామూలు కీమోతో ఉన్న చిక్కు

క్యాన్సర్ కణాలకు ఉన్న ముఖ్య లక్షణం ఆగకుండా విభజన చెందడం. కీమో మందులలో చాలావరకు అలా వేగంగా పెరిగే కణాలను చంపుతాయి. అయితే మన శరీరంలో వేగంగా పెరిగే మంచి కణాలు కూడా ఉన్నాయి. వెంట్రుకల కుదుళ్ళు, నోటిలోపలి పొర, పేగుల పొర, ఎముకల మూలుగలో తయారయ్యే రక్తకణాలు అటువంటివే. నరానికి ఎక్కించిన మందు రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతుంది. చేలో కలుపు మందు చల్లితే కలుపుతోపాటు పైరు కూడా కొంత మాడినట్లే, గడ్డతోపాటు ఈ మంచి కణాలు కూడా దెబ్బతింటాయి. జుట్టు ఊడటం, నోరు పూయటం, విరేచనాలు, తెల్ల రక్తకణాలు తగ్గి జ్వరం రావడం ఇందువల్లనే.

కొన్ని మందులకు వేరే గుణం కూడా ఉంటుంది. రోగులు 'ఎర్ర మందు' అని పిలిచే డాక్సోరూబిసిన్ సంగతి చూడండి. రొమ్ము క్యాన్సర్‌తో సహా ఎన్నో రకాల క్యాన్సర్లకు ఇది ఎంతో కాలంగా వాడుతున్న మంచి మందు. కానీ ఇది గుండె కండరాన్ని బలహీనపరచగలదు. ఎన్ని సైకిళ్ళు ఇస్తే అంత పేరుకుంటుంది. అందుకే రోగి జీవితకాలంలో మొత్తం డోసు సాధారణంగా శరీర విస్తీర్ణం చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. కీమోకు ముందు డాక్టరు గారు గుండెకు ఎకో పరీక్ష చేయించమనేది ఇందుకే. "రొమ్ములో గడ్డ ఉంటే గుండెకు పరీక్ష ఎందుకు?" అని అడిగేవారికి ఇదే మా జవాబు.

మరి మందు గుండె దగ్గరకు, కుదుళ్ళ దగ్గరకు తక్కువగా, గడ్డ దగ్గరకు ఎక్కువగా చేరేటట్లు చేయలేమా? ఈ ఆలోచన నుంచే నానో మందులు పుట్టాయి.

నానో అంటే ఎంత?

మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది. ఎర్ర రక్తకణం 7 వేల నుంచి 8 వేల నానోమీటర్లు ఉంటుంది. క్యాన్సర్ మందును మోసే నానో రేణువులు చాలావరకు 100 నానోమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. అంటే ఒక ఎర్ర రక్తకణం వెడల్పున ఇటువంటి రేణువులను 70, 80 దాకా వరుసగా పేర్చవచ్చు.

ఈ రేణువును ఒక పొట్లం అనుకోండి. లోపల ఉన్నది మనకు తెలిసిన పాత మందే. పొట్లం కొవ్వుతో చేసినది కావచ్చు, ప్రొటీనుతో చేసినది కావచ్చు. ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా నానో క్యాన్సర్ మందుల సంగతి ఇంతే: పాత మందు, కొత్త పొట్లం. పొట్లం మారితే మందు ఒంట్లో తిరిగే దారి మారుతుంది. దారి మారితే బాధలు కూడా చోటు మారుతాయి. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాము.

ఎర్ర మందుకు కొవ్వు పొట్లం

మన శరీర కణాల గోడలలో ఉండే ఒక రకం కొవ్వును నీటిలో కలిపితే అది తనంతట తానే చిన్న చిన్న బుడగలుగా మారుతుంది. ఇంగ్లండులో అలెక్ బాంగ్‌హామ్ అనే శాస్త్రవేత్త 1960లలో ఈ సంగతిని వివరించారు. ఈ బుడగలనే లైపోజోములు అంటారు. వాటి లోపల మందు నింపవచ్చని తరువాత చాలామంది ప్రయత్నించారు. కానీ ఒక చిక్కు వచ్చింది. మన కాలేయంలోను, ప్లీహంలోను కాపలా కణాలు ఉంటాయి. రక్తంలో కొత్త వస్తువు కనబడితే అవి పట్టి మింగేస్తాయి. లైపోజోములను కూడా అలాగే మింగేసేవి. మందు గడ్డ దాకా చేరేదే కాదు.

జెరూసలేములో యెకెజ్‌కెల్ బారెన్‌హోల్జ్, అల్బర్టో గాబిజోన్ అనే ఇద్దరు పరిశోధకులు తమ బృందాలతో కలిసి ఈ పని మీద ఏళ్ళ తరబడి శ్రమించారు. బుడగ పైన పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థపు పోగులను నూగులాగా అమర్చారు. ఆ నూగు చుట్టూ నీరు పట్టుకుని ఉంటుంది గనుక కాపలా కణాలు దానిని వెంటనే పట్టలేవు. లోపల ఎర్ర మందు గట్టిగా గడ్డకట్టి కూర్చుంటుంది. ఒక్కొక్క బుడగలో 10 వేలకు పైగా మందు అణువులు పడతాయి. ఈ మందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1995లో అనుమతి ఇచ్చింది. క్యాన్సర్ వైద్యంలో అనుమతి పొందిన మొదటి నానో మందుగా దీనినే చెబుతారు. డాక్సిల్ అనే పేరుతో అది వచ్చింది. మొదట ఎయిడ్స్ రోగులలో వచ్చే కపోసి సార్కోమా అనే క్యాన్సర్‌కు, 1999లో అండాశయ క్యాన్సర్‌కు, 2007లో మైలోమాకు అనుమతించారు.

మామూలు ఎర్ర మందు నరానికి ఎక్కించిన కొద్ది నిమిషాలలోనే చాలావరకు రక్తాన్ని వదిలి అవయవాలలోకి చేరిపోతుంది. పొట్లంలో ఉన్నది మాత్రం రక్తంలోనే తిరుగుతుంది. అందులో సగం తగ్గడానికి సుమారు 55 గంటలు పడుతుంది. అంటే రెండు రోజులకు పైమాటే.

మన దేశానికి కూడా ఈ కథలో చోటు ఉంది. 2011లో అమెరికాలో తయారీ ఆగిపోయి ఈ మందుకు కొరత వచ్చింది. అప్పుడు, 2012లో, మన దేశపు సన్ ఫార్మా కంపెనీ తయారుచేసిన లైపోడాక్స్‌ను దిగుమతి చేసుకోవడానికి అమెరికా నియంత్రణ సంస్థ వీలు కల్పించింది.

మన తెలుగు జిల్లాలలో చాలామందికి 'లైపోజోమల్' అనే మాట 2021లో బ్లాక్ ఫంగస్ రోజులలో వినబడి ఉంటుంది. అప్పుడు ఎన్నో కుటుంబాలు ఊరూరా తిరిగి వెతికిన లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ బి ఇంజక్షన్ కూడా ఇటువంటి కొవ్వు పొట్లంలో ఉన్న పాత మందే. పొట్లం లేని ఆంఫోటెరిసిన్ మూత్రపిండాలను బాగా దెబ్బతీస్తుంది. పొట్లంలో ఉన్నదానితో ఆ దెబ్బ తగ్గుతుంది. డాక్టర్లు దాని కోసం అంతగా పట్టుబట్టింది అందుకే.

పొట్లం గడ్డలోకి ఎలా చేరుతుంది?

దీనికి చాలావరకు ఆధారం గడ్డలో ఉన్న లోపమే. మంచి అవయవాలలోని సన్నని రక్తనాళాల గోడలు దగ్గర దగ్గరగా కట్టిన ఇటుకల గోడలాగా ఉంటాయి. గుండె కండరంలో ఆ గోడ మరీ గట్టిది. 100 నానోమీటర్ల పొట్లం అందులోంచి దూరి బయటకు రాలేదు. గడ్డ మాత్రం ఆకలితో తొందర తొందరగా రక్తనాళాలను పెంచుకుంటుంది. తొందరపని గనుక ఆ గోడలలో కంతలు ఉంటాయి. పొట్లాలు ఆ కంతలలోంచి గడ్డలోకి జారుతాయి. పైగా గడ్డలో లింఫు నీరు బయటకు పోయే కాలువలు సరిగా ఉండవు. పూడిపోయిన మురుగుకాల్వలో నీరు నిలిచినట్లు, లోపలికి వచ్చిన పొట్లాలు అక్కడే నిలిచి మెల్లగా మందును వదులుతాయి. జపాను దేశంలో మత్సుమురా, మాయెదా అనే శాస్త్రవేత్తలు 1986లో ఈ సంగతిని ప్రకటించారు.

కాబట్టి ఈ పొట్లానికి కళ్ళు లేవు. అది గడ్డను వెతుక్కుంటూ పోదు. రక్తం ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. కంత ఉన్నచోట జారుతుంది, లేనిచోట ముందుకు సాగిపోతుంది.

ఫలితం ఏమిటి?

పాత ఎర్ర మందును, పొట్లంలో ఉన్న ఎర్ర మందును పక్కపక్కన పెట్టి చూసిన ఒక పెద్ద పరిశోధన 2004లో ప్రచురితమైంది. రొమ్ము క్యాన్సర్ ఇతర భాగాలకు పాకిన 509 మంది స్త్రీలు అందులో పాల్గొన్నారు. సగం మందికి పాతది, సగం మందికి కొత్తది ఇచ్చారు.

• రోగులు బ్రతికిన కాలం: రెండు వర్గాలలోను దాదాపు ఒకటే. పొట్లం మందుతో మధ్యస్థంగా 21 నెలలు, పాత మందుతో 22 నెలలు.
• గుండెకు ముప్పు: పాత మందుతో మూడు రెట్లకు పైగా ఎక్కువ.
• జుట్టు ఊడటం: పాత మందుతో 66 శాతం మందికి, పొట్లం మందుతో 20 శాతం మందికి.
• వికారం: పాత మందుతో 53 శాతం, పొట్లం మందుతో 37 శాతం.
• అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొట్టు రేగడం: పాత మందుతో 2 శాతం, పొట్లం మందుతో 48 శాతం.

ఈ ఐదు వరుసలను నెమ్మదిగా చదవండి. ఆయుష్షు పెరగలేదు. గుండెకు మేలు జరిగింది, జుట్టు చాలామందికి నిలిచింది. కానీ చేతులకు, కాళ్ళకు కొత్త బాధ వచ్చింది. బాధలు చోటు మారతాయని మేము పైన చెప్పింది ఇదే.

గుండె బలహీనంగా ఉన్నవారికి, ఇదివరకే ఎర్ర మందు చాలా ఎక్కించుకున్నవారికి ఈ పొట్లం మందు నిజంగా మేలైన దారి కావచ్చు. గుండె బాగా ఉన్న మనిషికి పాత మందు ఇస్తే అది 'చౌక వైద్యం' కాదు. గడ్డ మీద దాని బలం తక్కువేమీ కాదని పై లెక్కలే చెబుతున్నాయి.

చేతుల మీద బ్రతికేవారి సంగతి

ఈ చేతులు, కాళ్ళ బాధ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొట్లాలు చాలాసేపు రక్తంలో తిరుగుతాయి గనుక చర్మంలోకి కూడా కొంత చేరతాయి. అరచేతులలో, అరికాళ్ళలో ఒత్తిడి, రాపిడి, చెమట ఎక్కువ. అక్కడ మందు పేరుకుని మంట, ఎరుపు, వాపు, ఆ తరువాత బొబ్బలు, పొట్టు రేగడం మొదలవుతాయి. ఇది తరచుగా రెండు మూడు సైకిళ్ళ తరువాత బయటపడుతుంది.

మా దగ్గరకు వచ్చే స్త్రీలలో మిరపకాయలు కోసేవారు, నాట్లు వేసేవారు, బీడీలు చుట్టేవారు ఉన్నారు. వారికి జుట్టు ఊడితే మనసుకు బాధ. అరచేతులు పగిలితే కూలి పోతుంది. కాబట్టి మందు నిర్ణయించే ముందు మీరు చేసే పని ఏమిటో డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి. అది మందుకు సంబంధం లేని విషయం అనుకోకండి.

మరొక మాట. అరచేతులు మండితే మనవాళ్ళు "ఒంట్లో వేడి చేసింది" అనుకుంటారు. మజ్జిగ తాగి, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగి ఊరుకుంటారు. మజ్జిగ తాగడంలో తప్పు లేదు. కానీ ఈ మంట మందు వల్ల వచ్చింది. ముందుగా చెబితే డాక్టరు గారు తరువాతి డోసు కొంచెం వెనక్కు జరిపి, లేదా తగ్గించి, బాధ ముదరకుండా చూడగలరు. బొబ్బలు పగిలాక చెబితే వైద్యమే ఆపవలసి రావచ్చు.

పొట్లం మందు ఎక్కించుకున్న తరువాత వారం రోజుల పాటు ఈ జాగ్రత్తలు పాటించండి:

1. వేడినీళ్ళ స్నానం, వేడి కాపడం వద్దు. చల్లని లేక గోరువెచ్చని నీరు వాడండి.
2. గిన్నెలు తోమడం, బట్టలు పిండటం, రుబ్బడం, దంచడం ఇంకొకరికి అప్పగించండి. ఇంట్లో మగవారు, పిల్లలు ఈ వారం ఆ పని అందుకోవాలి.
3. బిగుతు చెప్పులు, బిగుతు గాజులు, ఉంగరాలు తీసివేయండి. ఎక్కువ దూరం నడవకండి. మెత్తని చెప్పులు వేసుకోండి.
4. చేతులకు, కాళ్ళకు వాసన లేని మెత్తని క్రీము రాయండి. గట్టిగా రుద్దకండి.
5. పసర్లు, లేపనాలు మమ్మల్ని అడగకుండా పూయకండి.

రెండవ పొట్లం: రక్తంలోని ప్రొటీను

పాక్లిటాక్సెల్ అనే మరొక మంచి మందు ఉంది. ఇది అమెరికాలో పెరిగే ఒక చెట్టు బెరడు నుంచి మొదట తీసినది. ఇది నీటిలో కరగదు. అందుకని ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావకంలో కలిపి ఇస్తారు. ఆ ద్రావకం కొందరికి పడదు. దద్దుర్లు, ఆయాసం, బి.పి. పడిపోవడం జరగవచ్చు. అందుకే మేము ముందుగా స్టెరాయిడ్, అలర్జీ ఇంజక్షన్లు ఇచ్చి, తరువాత మూడు గంటల సేపు నెమ్మదిగా ఎక్కించి, రోగి పక్కనే ఉండి చూస్తాము.

ఈ మందుకే అల్బుమిన్ పొట్లం కట్టారు. అల్బుమిన్ మన రక్తంలో సహజంగా ఉండే ప్రొటీను. రేణువు సైజు సుమారు 130 నానోమీటర్లు. ద్రావకం లేదు గనుక అరగంటలో ఎక్కించవచ్చు. ముందుగా స్టెరాయిడ్ ఇంజక్షన్లు సాధారణంగా అవసరం పడవు. అమెరికాలో దీనికి 2005లో అనుమతి వచ్చింది. అదే సంవత్సరం ప్రచురితమైన పరిశోధనలో, పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్నవారిలో గడ్డ తగ్గినవారు పాత పాక్లిటాక్సెల్‌తో 19 శాతం ఉంటే, అల్బుమిన్ మందుతో 33 శాతం ఉన్నారు. అయితే తీవ్రమైన తిమ్మిర్లు పాతదానితో 2 శాతం మందికి వస్తే, కొత్తదానితో 10 శాతం మందికి వచ్చాయి. 2015లో వచ్చిన మరొక పెద్ద పరిశోధనలో, వారం వారం ఇచ్చే పద్ధతిలో పాత పాక్లిటాక్సెల్ కంటే ఇది మెరుగని తేలలేదు. తిమ్మిర్లు మాత్రం ఎక్కువయ్యాయి.

క్లోమ గ్రంథి క్యాన్సర్‌లో మాత్రం దీని వల్ల కొంత లాభం స్పష్టంగా కనబడింది. 2013లో ప్రచురితమైన పరిశోధనలో 861 మంది పాల్గొన్నారు. జెమ్‌సైటబిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు మధ్యస్థ జీవితకాలం 6.7 నెలలు. దానికి ఈ అల్బుమిన్ మందును కలిపి ఇచ్చినప్పుడు 8.5 నెలలు. అదేవిధంగా, వయసు మళ్ళినవారికి వచ్చే కొన్ని తీవ్రమైన రక్త క్యాన్సర్లలో రెండు పాత మందులను ఒకే కొవ్వు పొట్లంలో 5కు 1 పాళ్ళలో కట్టిన వైక్సియోస్ అనే మందుకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవే రెండు మందులను విడివిడిగా ఇచ్చినప్పుడు సుమారు 6 నెలలుగా ఉన్న మధ్యస్థ జీవితకాలం దీనితో సుమారు 9 నెలల 17 రోజులయింది.

ఏ రోగానికి, ఏ దశలో, ఏ పొట్లం అన్నదానిని బట్టి లాభం మారుతుంది. 'నానో' అనే మాట ఒక్కటే దేనికీ హామీ కాదు.

"నేరుగా గడ్డకే పోతుంది" అనే మాట ఎంత నిజం?

2016లో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు అంతకు ముందు పదేళ్ళలో జంతువుల మీద జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి లెక్కకట్టారు. ఎక్కించిన నానో రేణువులలో గడ్డ దాకా చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అంటే వెయ్యి పొట్లాలు పంపితే ఏడు చేరాయి. మిగిలినవి ఎక్కువగా కాలేయం, ప్లీహం వంటి చోట్ల చిక్కుకుంటాయి. పైగా ఎలుకలలో పెంచిన గడ్డకు ఉండే కంతలు మనుషుల గడ్డలన్నిటికీ ఒకేలాగా ఉండవు. ఒకే రోగిలో కూడా ఒక గడ్డకు ఎక్కువ, మరొక గడ్డకు తక్కువ ఉండవచ్చు.

పొట్లం పైన గడ్డ చిరునామా అతికించే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. క్యాన్సర్ కణం పైన ఉండే ఒక ప్రొటీనును గుర్తుపట్టి అతుక్కునే ముక్కను పొట్లానికి తగిలిస్తారు. బైండ్-014 అనే అటువంటి మందు మీద చాలా ఆశ పెట్టుకున్నారు. దానిని తయారుచేసిన కంపెనీ 2016లో దివాలా తీసింది. అయితే పరిశోధన ఆగలేదు. కోవిడ్ కాలంలో 2020లో వచ్చిన ఫైజర్, మోడర్నా టీకాలు కూడా కొవ్వు నానో రేణువులలో కట్టినవే. మన ఊళ్ళలో ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ ఆ రకానివి కావు. ఆ టీకాల తరువాత ఇటువంటి పొట్లాల తయారీ మీద శ్రద్ధ చాలా పెరిగింది. రేపు మంచి మందులు రావచ్చు. ఈ రోజు మీ అమ్మగారికి కావలసింది మాత్రం ఈ రోజు ఉన్న మందును వేళ తప్పకుండా పూర్తి చేయడం.

పేరు ఒకటే, మందు వేరు

ఈ భాగం రోగులకు, బంధువులకే కాక చిన్న ఆసుపత్రులలో పనిచేసే మన తోటి నర్సులకు కూడా ముఖ్యం.

డాక్సోరూబిసిన్, లైపోజోమల్ డాక్సోరూబిసిన్ పేర్లు దగ్గరగా ఉంటాయి. కానీ డోసు వేరు, ఇచ్చే వ్యవధి వేరు, ఎక్కించే పద్ధతి వేరు. ఒకదాని బదులు మరొకటి ఇస్తే ప్రాణం మీదకు రావచ్చు. పాక్లిటాక్సెల్, అల్బుమిన్ పాక్లిటాక్సెల్ కూడా అంతే. పై 2005 పరిశోధనలో పాతది చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాములు ఇస్తే, కొత్తది 260 ఇచ్చారు. మామూలు ఎర్ర మందు తేటగా ఉంటుంది. పొట్లం మందు కొంచెం మసకగా ఉంటుంది. కానీ కంటి చూపును నమ్ముకోకూడదు, లేబుల్ మీద పూర్తి పేరు చదవాలి. ఇద్దరు నర్సులు విడివిడిగా చదివి సరిచూడాలి. లైపోజోమల్ డాక్సోరూబిసిన్‌ను 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్‌లో కలపకూడదు. ఫిల్టరు ఉన్న సెట్టు వాడకూడదు. నిమిషానికి 1 మిల్లీగ్రాము వేగంతో మొదలుపెట్టాలి. కొందరికి మొదటిసారి ఎక్కించేటప్పుడే ముఖం ఎర్రబడటం, ఆయాసం, నడుము నొప్పి, ఛాతీ బిగుతు వస్తాయి. వెంటనే డ్రిప్ ఆపి డాక్టరు గారిని పిలవాలి.

బంధువులు బయటి మందుల షాపులో కీమో మందు కొనవలసి వస్తే చీటీలో ఉన్న పేరు, పెట్టె మీద ఉన్న పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. "రెండూ ఒకటేనమ్మా, ఇది తీసుకుపోండి" అని ఎవరైనా అంటే తీసుకోకండి. ముందు వార్డుకు ఫోను చేయండి.

ఈ వ్యాసంలో చెప్పిన క్యాన్సర్ మందులన్నీ ఆసుపత్రిలో నరానికి ఎక్కించేవే. 'నానో' అని పేరు పెట్టి క్యాన్సర్‌ను కరిగిస్తామని అమ్మే పొడులకు, చుక్కలకు, మాత్రలకు వీటితో ఏ సంబంధమూ లేదు.

డబ్బు కట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు

డాక్టరు గారిని ప్రశ్న అడగడం అమర్యాద కాదు. ఈ ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని రండి:

1. మా రోగికి ఉన్న క్యాన్సర్‌కు, ఈ దశలో, నానో మందు వల్ల ఆయుష్షు పెరుగుతుందా, లేక బాధలు మాత్రమే మారతాయా?
2. గుండె పరీక్ష, కాలేయ పరీక్ష, రక్త పరీక్ష చూస్తే పాత మందు ఇవ్వడానికి అడ్డు ఏమైనా ఉందా?
3. మొత్తం ఎన్ని సైకిళ్ళు? మొదటి సైకిల్‌కే కాక అన్నిటికీ కలిపి ఖర్చు ఎంత?
4. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఈ మందు ఉన్నదా? ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కూడా అడగండి.
5. డబ్బు మధ్యలో అయిపోతే ఏమి చేయాలి?

చివరి ప్రశ్న ముఖ్యమైనది. రెండు సైకిళ్ళు ఖరీదైన మందు ఎక్కించుకుని, డబ్బు లేక ఇంటికి వెళ్ళిపోవడం కంటే, అనుకున్న సైకిళ్ళన్నీ పాత మందుతో పూర్తి చేయడం చాలామందికి మేలు. పొలం అమ్మిన తరువాత కూడా రోగికి పాలు, గుడ్డు, పప్పు, బస్సు చార్జీలు, రక్త పరీక్షలు కావాలి. ఆ లెక్క ముందే వేసుకోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

పాత మందు అయినా, నానో మందు అయినా, ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా రాత్రి, పగలు చూడకుండా రండి:

• జ్వరం 100.4 డిగ్రీలు లేక అంతకంటే ఎక్కువ, లేదా చలి, వణుకు. ఇంట్లో జ్వరం మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకండి.
• ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, కాళ్ళ వాపు, గుండె దడ.
• అరచేతులలో, అరికాళ్ళలో బొబ్బలు, లేక వస్తువు పట్టుకోలేనంత నొప్పి.
• చొక్కా గుండీ పెట్టుకోలేనంత, చెప్పు జారిపోయినా తెలియనంత తిమ్మిరి. దీనిని వాతం, నరాల బలహీనత అని వదిలేయకండి.
• నోరు పూసి నీళ్ళు కూడా మింగలేకపోవడం, ఆగని వాంతులు, విరేచనాలు.
• ఎక్కడైనా రక్తం కారడం.

ఎర్ర మందు ఎక్కించిన తరువాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. అది మందు రంగే, భయపడకండి. ఆ తరువాత కూడా ఎర్రగా ఉంటే మాత్రం చెప్పండి.

మీ చీటీలో నానో మందు ఉన్నా, పాత మందు ఉన్నా మా వార్డులో చూసే చూపు ఒక్కటే. ఇంటికి వెళ్ళాక మీకు వచ్చిన ప్రతి బాధనూ తేదీ వేసి ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి. రాయడం రానివారు మనవడితోనో, మనవరాలితోనో రాయించుకోండి. తరువాతి సైకిల్‌కు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తప్పకుండా తెచ్చి మా సిస్టర్ల చేతికి ఇవ్వండి. డోసు సరిచేయడానికి మాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది అదే.